మొదటి బావి నీళ్ళు

ఆయన అసలు పేరు అడిగితే సగం ఊరికి తెలియదు. సీసాలాయన అంటే మాత్రం పసిపిల్లలు కూడా చెయ్యి చాపి చూపిస్తారు. యాభై ఆరేళ్ళ బక్కపలచటి మనిషి, మోచేతుల దాకా మడిచిన చొక్కా, జేబులో రెండు పెన్నులు. మూడు నెలలకోసారి ఒక పాత వ్యానులో పంపూ గొట్టాలూ ఐసుపెట్టె వేసుకుని బయల్దేరతాడు. ఫ్యాక్టరీ చుట్టూ నేలలోకి దింపిన ఏడు పరీక్ష బావుల దగ్గర నీళ్ళు పట్టి లాబుకి చేరుస్తాడు. ఇంతే ఆయన ఉద్యోగం. ఇంతేనా అని మాత్రం ఆయన ముందు అనకండి, మీద పడి కరిచినంత పని చేస్తాడు.

బావులంటే చేదవేసి తోడుకునే బావులు కావు. నాలుగంగుళాల పైపు, నడుమెత్తున ఇనప మూత, మూతకి తాళం. ఫ్యాక్టరీలో ఇనప సామాన్లకి మెరుగు పూత వేస్తారు. పూత వేశాక మిగిలిన నీళ్ళని వెనకాల ఒక పెద్ద గుంటలో నిలవ చేస్తారు. అడుగున దళసరి నల్ల పట్టా పరిచాం, చుక్క కూడా నేలలోకి దిగదు అని ఫ్యాక్టరీ వాళ్ళ మాట. ఆ మాట నిజమో కాదో కనిపెట్టడానికే ఈ పైపులన్నీ. గుంటలో నీళ్ళు పసుపూ ఆకుపచ్చా కాని ఒక రోగిష్టి రంగులో ఉంటాయి. జనం దాన్ని పచ్చగుంట అంటారు.

గుంటకి ఎగువన ఉన్నది మొదటి బావి. దిగువన వరసగా మిగతా ఆరు. నేల కింద నీరు కూడా పల్లానికే పోతుంది కాబట్టి ఎగువనున్న బావికి గుంట మురికి అంటదు. అది మంచినీళ్ళ బావి, మిగతా ఆరింటినీ దానితో పోల్చి చూడాలి. ఇదీ పద్ధతి.

పనిలో సీసాలాయన చాదస్తం ఇంతా అంతా కాదు. పైపులో నిలవున్న నీళ్ళు పట్టడానికి వీల్లేదు, మూడింతలు తోడి పారబోశాక వచ్చేవే అసలు నీళ్ళు. ఒక బావిలోంచి తీసిన పంపుని సబ్బునీళ్ళతో ఒకసారి, లాబు వాళ్ళిచ్చిన శుద్ధమైన నీళ్ళతో రెండుసార్లు కడిగితే గానీ ఇంకో బావిలోకి దించడు. లోహాల పరీక్షకిచ్చే సీసాల అడుగున లాబు వాళ్ళే యాసిడ్ చుక్కలు వేసి ఇస్తారు, వాటిని కడక్కూడదు. ఒకసారి డ్రైవరు సాయం చేద్దామనుకుని, పాపం, రెండు సీసాలు శుభ్రంగా తొలిచి తెచ్చి ఇచ్చాడు. "నీకు దణ్ణం పెడతా నాయనా, నా సీసాల జోలికి రాకు" అని ఆ పూటంతా అతనితో మాట్లాడలేదు మహానుభావుడు.

ఆ చాదస్తమే ఊరికి మేలు చేసింది. మూడేళ్ళ కిందట నాలుగో బావిలోనూ అయిదో బావిలోనూ క్రోమియం దొరికింది, పూత నీళ్ళలో ఉండే విషం అది. ఫ్యాక్టరీ వాళ్ళు గగ్గోలు పెట్టారు, సీసాలు తప్పన్నారు, పంపు మురికన్నారు. ఎన్నిసార్లు పరీక్ష చేసినా లెక్క అదే వచ్చింది. చివరికి దిగువ వీధికి రోజూ ట్యాంకరుతో మంచినీళ్ళు పంపమని ఫ్యాక్టరీకి ఆర్డరు పడింది. ఆ వీధి మొదట్లో టీకొట్టు నడిపే ఆవిడ ఆయన్ని చూస్తే చాలు, "అన్నయ్యా, నీ సీసాలే మా పిల్లల్ని కాపాడాయి" అని వద్దన్నా టీ చేతిలో పెట్టేది.

ఇక మొదటి బావి సంగతి. ఆరేళ్ళ కిందట ఫ్యాక్టరీ వాళ్ళు ఒక అర్జీ పెట్టుకున్నారు. ఆ బావి ఎప్పుడూ శుభ్రంగానే ఉంది కదా, ప్రతిసారీ పరీక్ష దేనికి అన్నారు. కాలుష్యం సంగతి చూసే సర్కారు ఆఫీసువాళ్ళు సరేనన్నారు. అప్పటినుంచీ ప్రతి రిపోర్టులోనూ ఆ పాత అంకెనే దించుకుంటూ వచ్చారు. మొదటి బావి దగ్గర నీటి లోతు కొలిచి రాసుకుంటే చాలు. సీసాలాయన కూడా కిక్కురుమనలేదు. నిజం చెప్పాలంటే, ఐసుపెట్టె కాస్త తేలికవుతుందని సంతోషించాడు. పైగా అక్కడికి వెళ్ళినప్పుడల్లా పంపు వేసి, ఆయనా డ్రైవరూ తాగే క్యాను నింపుకునేవాళ్ళు. ఎంత తియ్యటి నీళ్ళో అని మెచ్చుకునేవాళ్ళు కూడా.

ఆ మరుసటి ఏడు ఆయన బావ బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. అక్కా బావా ఇల్లు కట్టుకుందామని జాగా వెతుకుతున్నారు. తల్లి పోయాక ఈయన్ని పెంచింది ఆ అక్కే. తమ్ముడికి బువ్వ కలిపి పెట్టాకే తను తిన్న మనిషి. భార్య పోయి ఒంటరివాడైనప్పటి నుంచీ ఈయనకి ఇల్లంటే అక్కయ్య ఇల్లే. మొదటి బావికి కాస్త అవతల చవగ్గా స్థలాలు అమ్ముతున్నారు. అక్క తమ్ముణ్ణి పిలిచి అడిగింది.

"ఒరేయ్, పచ్చగుంట అంత దగ్గర కదరా. నీళ్ళు మంచివేనా?"

"గుంటకి ఎగువన ఉంది కదక్కా. బంగారంలాంటి నీళ్ళు. నేను తాగుతున్నా, నువ్వు తాగు."

ఇంకేముంది! అక్క ఇల్లు కట్టింది, బోరు వేయించింది, కనబడ్డ వాళ్ళకల్లా చెప్పింది. మా తమ్ముడు నీళ్ళ పరీక్షలు చేస్తాడు, వాడే చూసి చెప్పాడు అంది. ఆ మాట పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. అయిదేళ్ళలో నలభై ఇళ్ళు లేచాయి, నలభై బోర్లు పడ్డాయి. మొదటి బావిలో నీటి మట్టం ఎనిమిది మీటర్ల నుంచి పందొమ్మిదికి దిగిపోయింది. మూడు నెలలకోసారి ఆ అంకెని తన చేత్తోనే రాసుకున్నాడు సీసాలాయన. రాసుకుని, క్యాను నింపుకుని, రెండో బావి దగ్గరకి వెళ్ళిపోయేవాడు.

ఆ ఎండాకాలం ఒక మంగళవారం ఆరు బావుల పనీ అయింది. చివర్లో ఇంకొక్క సీసా మిగిలింది. దాన్ని బ్లాంకు అంటారు. కడిగిన పంపులోంచి లాబు వాళ్ళ శుద్ధమైన నీళ్ళు పోనిచ్చి ఆ సీసాలో పట్టాలి. అందులో ఏమీ తేలకూడదు, తేలిందంటే పంపు సరిగ్గా కడగలేదన్న మాట. ఒకరకంగా అది నీళ్ళకి కాదు, సీసాలాయనకి పరీక్ష. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన తప్పలేదు.

తీరా చూస్తే శుద్ధమైన నీళ్ళ క్యాను ఖాళీ. ఆఖరి బావికి వచ్చే దారిలో వ్యాను ఇంజను వేడెక్కి పొగలు కక్కితే, పంపు కడగ్గా మిగిలినవన్నీ డ్రైవరు రేడియేటర్లో పోసేశాడట.

"మంచినీళ్ళే కదండీ అనుకున్నా," అన్నాడు నీళ్ళు నములుతూ.

సీసాలాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. లాబుకెళ్ళి మళ్ళీ రావాలంటే మూడు గంటలు. ఈలోగా ఐసు కరుగుతుంది, సాయంత్రంలోగా అందకపోతే సీసాలు తీసుకోరు, రోజంతా పడ్డ కష్టం బూడిదలో పోసినట్టే. పక్కనే వాళ్ళు తాగే క్యాను ఉంది, సగం నిండుగా, మొదటి బావి నీళ్ళతో. ఒక నిమిషం దానివంక చూశాడు. అవీ శుభ్రమైనవే కదా అనుకున్నాడు. పంపుని సబ్బునీళ్ళతో కడిగి, ఆ క్యాను నీళ్ళు పోనిచ్చి, సీసా నింపి, లేబులు మీద బ్లాంకు అని రాశాడు. 

తొమ్మిది రోజులకి లాబు నుంచి ఫోను. కొత్తగా చేరిన కెమిస్టు అమ్మాయి.

"బాబాయిగారూ, కోప్పడకండి. మీ బ్లాంకు పాడైంది. క్రోమియం వచ్చింది. పంపు కడగడంలో ఏదో..."

"ఏంటమ్మాయ్ నువ్వనేది? నేను పంపు కడగలేదా? నువ్వు పలక పట్టుకుని బడికెళ్ళే రోజుల్నుంచీ కడుగుతున్నాను."

"అది కాదండీ. పంపుకి అంటుకున్న మురికైతే కొంచెం రావాలి. ఇది నాలుగో బావి కంటే ఆరింతలుంది. అదే నాకూ అర్థం కావట్లేదు."

ఇంకేదో అనబోయి నోరు మూసుకున్నాడు. ఆరింతలు. పంపుకి అంటినదైతే ఆరింతలు రాదు. మరి ఆ క్రోమియం ఎక్కడిదో ఈ లోకంలో తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ ఫోను చెవికి ఆనించుకుని నిలబడి ఉన్నాడు.  

"ఏం ఫర్వాలేదు లెండి," అంది ఆ అమ్మాయి, ఆయన బాధపడ్డాడనుకుని. "ఈసారి సీసాలన్నీ కొట్టేద్దాం. వచ్చే వారం మళ్ళీ పట్టుకొచ్చెయ్యండి, అంతే."

అంతే. ఎంత తేలిక! మళ్ళీ పడతాడు, ఈసారి బ్లాంకు శుభ్రంగా వస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు.

"సరేనమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రమే అక్క ఇంటికి వెళ్ళాడు. బావకి రెండేళ్ళనుంచీ కిడ్నీల జబ్బు. మొదట రాళ్ళన్నారు, తర్వాత కిడ్నీలే నీరసిస్తున్నాయన్నారు. నీళ్ళు బాగా తాగాలి, రోజుకి మూడు లీటర్లకి తగ్గకూడదు అన్నాడు డాక్టరు. అక్క ఒక పెద్ద సీసా కొంది. ఏ గంటకి ఎంత తాగాలో ఆ సీసా మీద గీతలు గీసిచ్చింది ఈ తమ్ముడే, లేబుళ్ళు రాసే పెన్నుతో. ఎంత తోమినా ఆ గీతలు పోవు.

"రావయ్యా ఇన్‌స్పెక్టరూ," అన్నాడు బావ కుర్చీలోంచే. "మీ అక్క నన్ను మనిషిననుకోవట్లేదు, బిందె అనుకుంటోంది. అయిదు గంటల గీత దాకా దించకపోతే బస్సు దింపేస్తానంటోంది."

"కబుర్లు చాలు, తాగండి ముందు," అని అక్క సీసా చేతికిచ్చింది. తమ్ముడికి కూడా గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నాడో ఆయనకే తెలియదు. బావ గొంతు కదులుతూ ఒక్కో గుటకా కిందికి దిగుతోంది. వద్దు అనాలి. అంటే ఎందుకని అడుగుతారు. సీసాలో నీళ్ళు గీత దాకా దిగాయి. అక్క మళ్ళీ నింపింది. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనుకున్నాడు, అనుకుని తన గ్లాసూ తాగేశాడు.

లేచి వచ్చేముందు చేతులు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళి, జేబులో తెచ్చుకున్న సీసాలో పంపు నీళ్ళు పట్టుకున్నాడు. మర్నాడు దాన్ని కెమిస్టు అమ్మాయి బల్ల మీద పెట్టి, ఎవరిదో అడక్కుండా చూసిపెట్టమన్నాడు.

మూడు రోజులకి ఆ అమ్మాయే ఎదురొచ్చి, గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది.

"ఇది ఎవరింటి నీళ్ళు బాబాయిగారూ? క్రోమియం ఉండదగ్గ హద్దుకి నాలుగింతలుంది. తాగుతున్నారా దీన్ని?"

ఆయన కూలబడి అంతా చెప్పేశాడు. రేడియేటరూ, క్యానూ, బ్లాంకూ, నలభై ఇళ్ళూ.  ఆ అమ్మాయి ఆయన లోతులు రాసుకున్న పుస్తకం తీసి చూసింది.

"మట్టం ఎంత పడిపోయిందో చూశారా? నలభై బోర్లు అటువైపు నుంచి లాగుతుంటే నీళ్ళు ఇంకా పల్లానికే ఎందుకు పోతాయి? గుంట కింద నీళ్ళు కూడా వాటివైపే తిరిగాయి. ఈ అంకెలు రాసింది మీరే కదండీ."

"నేనే," అన్నాడు. ఆయన మాట నమ్మి ఇళ్ళు కట్టినవాళ్ళ బోర్లే విషాన్ని వాళ్ళ గడపలోకి లాక్కొచ్చాయి. 

"మీరు దొంగచాటుగా తెచ్చిన సీసాతో ఏ ఆఫీసూ కదలదు," అంది ఆ అమ్మాయి. "బ్లాంకులో పట్టింది మొదటి బావి నీళ్ళని మీరు కాయితం మీద రాసివ్వాలి. అప్పుడు రేపే బోర్లు ఆపించొచ్చు. కానీ ఆలోచించుకోండి. మీ ఉద్యోగం ఉండదు. మీ పాత సీసాల మీద కూడా పడతారు, దిగువ వీధి ఆర్డరు వాటి మీదే కదా నిలబడింది. రాయకపోతే మొదటి బావిని మళ్ళీ పరీక్షలో చేర్పించడానికి నేను అడుగుతూ ఉంటాను. ఏడాది పడుతుందో, రెండేళ్ళో."

రెండేళ్ళంటే బావకి రోజుకి మూడు లీటర్ల చొప్పున రెండేళ్ళు. ఆయన జేబులో పెన్ను తీశాడు.

రాసిచ్చి, తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు. గోడ మీద నోటీసు చూసి తెలుసుకోకూడదు, తన నోటితోనే చెప్పాలనుకున్నాడు. చెప్పాడు. ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకి అనిపించింది. బావ చేతిలోని సీసా తీసుకెళ్ళి పెరట్లో వంపేసి వచ్చి, గుమ్మంలో నిలబడి ఒక్కటే అడిగింది.

"ఎప్పట్నించిరా?"

 ఆరేళ్ళలో ఆ బావిని ఎవరూ పరీక్ష చెయ్యలేదు. నీళ్ళు ఇల్లు కట్టిననాటికే పాడయ్యాయో, నిరుడు పాడయ్యాయో, బావ జబ్బు నీళ్ళవల్ల వచ్చిందో, ముందే ఉందో ఇక ఏ లాబూ చెప్పలేదు.

ఆ తర్వాత కెమిస్టు అమ్మాయి చెప్పినట్టే జరిగింది. ఆఫీసువాళ్ళు మొదటి బావి తాళం తీసి పరీక్ష చేశారు, అదే తేలింది. తాగకూడదన్న గుర్తుగా నలభై బోర్లకీ ఎర్ర రంగు పూశారు. ఫ్యాక్టరీ లాయరు సీసాలాయన రాసిచ్చిన కాయితాన్నే చేతిలో పట్టుకుని విచారణలో లేచాడు. ఒక్కసారి సీసా మార్చినవాడు నలభైసార్లు మార్చి ఉండడా అన్నాడు. నాలుగో బావి, అయిదో బావి లెక్కలన్నీ ఈ మనిషి తెచ్చినవే కదా అన్నాడు. పదకొండేళ్ళ సీసాలు ఒక్క పూటలో చెత్తబుట్టలో పడ్డాయి. కొత్త పరీక్షల్లో మళ్ళీ తేలేదాకా దిగువ వీధికి ట్యాంకరు ఆగిపోయింది. ఆయన ఉద్యోగం సరేసరి. ఒకరోజు ఆ వీధిలోంచి వెళ్తుంటే టీకొట్టావిడ ఎదురుపడింది. అన్నయ్యా అనలేదు. బిందె చంకనెత్తుకుని ముఖం తిప్పుకుపోయింది.

ఇప్పుడాయన ఒక గోడౌనులో కాపలా ఉంటున్నాడు. ఆదివారం ఆదివారం రెండు క్యాన్ల మంచినీళ్ళు కొని అక్క ఇంటికి మోసుకెళ్తాడు. చాలా నెలలు ఆవిడ గేటు దగ్గరే అందుకుని లోపలికి వెళ్ళిపోయేది. బావకి ఇప్పుడు వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుద్ధి చెయ్యాలి. నీళ్ళు ఎక్కువ తాగకూడదు, రోజుకి అర లీటరు దాటితే ఆయాసం. గీతల సీసా ఇంకా అలమారలోనే ఉంది, ఒక్క గీత దాకా నింపడానికి పనికొస్తోంది.

మొన్నొక ఆదివారం అక్క వంటింట్లో ఉంటే బావ కిటికీలోంచి సైగ చేసి లోపలికి పిలిచాడు. మంచం మీద వాలి ఉన్నాడు. వేళ్ళు వాచి ఉన్నాయి.

"మీ అక్క నిద్రపోవట్లేదయ్యా," అన్నాడు గొంతు తగ్గించి. "ఎప్పట్నించి, ఎప్పట్నించి అని అదే జపం. ఇక్కడికి రాకముందే నాకు నడుంనొప్పి ఉండేది కదా. నీళ్ళు పాడైంది నిరుడేనని చెప్పెయ్. ఏదో ఒక తేదీ పడెయ్. నా జబ్బు ముందుదని తేలితే నిన్ను మళ్ళీ ఇంట్లోకి రానిస్తుంది. నీ మాట అది ఇప్పటికీ నమ్ముతుంది."

సీసాలాయన క్యాను భుజాన వేసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. అక్క వెనక్కి తిరిగి చూసింది. జుట్టు నెరిసిపోయింది, కళ్ళు గుంటలు పడ్డాయి. ఒక్క మాట చాలు, నిరుడు అంటే చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అది కూడా ఒక సీసా మీద తప్పు లేబులు రాయడమేనని ఆయనకి తెలుసు.

"అక్కా, ఎప్పట్నించో నాకు తెలీదు," అన్నాడు. "పరీక్ష చెయ్యలేదు. ఇక తెలీదు కూడా."

 ఆవిడ క్యాను అందుకుని గట్టు మీద పెట్టింది.

"ఈ ముక్కే ఆవేళ జాగా చూడ్డానికొచ్చినప్పుడు అనుంటే ఏం పోయేదిరా?" అంది. "తెలీదక్కా అనుంటే, మేం ఇంకోచోట చూసుకునేవాళ్ళం."

అలమారలోంచి సీసా తీసి, మొదటి గీత దాకా నీళ్ళు వంచి, మొగుడికి ఇవ్వడానికి తీసుకెళ్ళింది.